ఊరి వరస

పరమేశ్వర్‌కు చెవులు పోయాయని సూరత్‌లోని బమ్రోలి మగ్గాల కార్ఖానాలో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. రేకుల కప్పు కింద వరుసలు వరుసలుగా మరమగ్గాలు కొట్టుకునే ఆ చోట నోటితో మాట్లాడేవాళ్లే ఉండరు. నూలు కండె అయిపోతే వేలు గుండ్రంగా తిప్పుతారు. చాయ్‌కి పోదామంటే బొటనవేలు పెదాలకు ఆనిస్తారు. సేఠ్ వస్తుంటే మీసం దువ్వినట్టు చూపిస్తారు. పాతికేళ్లుగా ఆ సైగలే భాష అయినవాడికి, చెవి ఎప్పుడు మెల్లగా జారిపోయిందో తనకే సరిగ్గా తెలియలేదు. మొదట పిట్టల అరుపులు పోయాయి. తర్వాత కుక్కర్ ఈల. ఒకరోజు వంటగదిలోంచి భార్య భాగ్యలక్ష్మి ఎన్నిసార్లు పిలిచినా పలకకపోతే, ఆమె వచ్చి భుజం పట్టి కుదిపి, ముఖం చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఎవ్వలకు చెప్పకు," అన్నాడు పరమేశ్వర్. "తెలిస్తే పనిల నుంచి తీసేస్తరు."

అప్పటి నుంచి ఇద్దరే ఆ సంగతి మోశారు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం అతనికి అలవాటైంది. డిండోలిలో వాళ్లున్న గల్లీలో అందరూ అతన్ని పెద్దమనిషి తరహా అనుకునేవారు, ఎవరు మాట్లాడినా ముఖంలోకే చూస్తూ శ్రద్ధగా వింటాడని.

పని పోతుందన్న భయం ఒక్కటే కాదు అతనిది. పరమేశ్వర్ పుట్టింది మగ్గం నేసే ఇంట్లో కాదు, నేసేవాళ్లకు కథ చెప్పే ఇంట్లో. కూనపులి వాళ్లంటే మానేరు ఒడ్డున సాలెల ఊళ్లన్నిటికీ తెలుసు. పంటలు ఇంటికొచ్చాక బొమ్మల పటం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, తామరతూడులోంచి నూలు తీసిన మూలపురుషుడి కథ రాత్రుళ్లు పాడేవాళ్లు. ఎవరి ఊళ్లు వాళ్లవే. ఒకరి ఊళ్లో ఇంకొకరు అడుగుపెట్టరు. పరమేశ్వర్ తాతకు వంతు వచ్చిన ఊళ్లలో పెద్దది రేగులొడ్డు.

కథ ఎక్కడైనా ఒకటే. చివర వచ్చే 'ఊరి వరస' మాత్రం ఏ ఊరికా ఊరిది. ఏరు ఎక్కడ మలుపు తిరుగుతుంది, ఏ రేవులో ఎవరు నూలు తడిపేవాళ్లు, ఎండాకాలం ఇసుకలో ఎవరి చెలమ తియ్యగా ఉండేది, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఆ ఇంట్లో ఎవరు ఎట్లా బతికి ఎట్లా పోయారు, అన్నీ పాటగా వస్తాయి. వరదకు కొట్టుకుపోయినవాళ్లు, కలరాకు పోయినవాళ్లు, మగ్గం గుంటలోనే కూర్చుని ప్రాణం విడిచినవాళ్లు. ఏ ఇంట్లో చావు జరిగినా పెద్దకర్మ నాడు కూనపులి వచ్చి ఆ ఇంటి చరణానికి కొత్త మాట చేర్చాలి. ఆ మాట నిజమై ఉండాలి. తాత ఆ ఒక్కదాని మీద చాలా గట్టిగా ఉండేవాడు. నేర్పేటప్పుడు పరమేశ్వర్ ఎక్కడైనా అందం కోసం మాట మారిస్తే తొడ మీద గిల్లేవాడు.

తర్వాత ఏటి మీద కట్ట లేచింది. రేగులొడ్డు నీళ్ల కిందికి పోయింది. అప్పటికే చేతిమగ్గాలు చచ్చిపోయి సగం ఊరు సూరత్‌లో ఉంది. మిగిలిన సగం కూడా మూటలు కట్టుకుంది. వినేవాళ్లు లేని కథకుడికి అక్కడ ఏం పని? పటం అన్న దగ్గర వదిలేసి, పరమేశ్వర్ కూడా వినేవాళ్ల వెనకే రైలెక్కాడు. వాళ్లు నేస్తున్న మగ్గాల మీదే తానూ నేయడం నేర్చుకున్నాడు. మొదట్లో కులపండుగలకు పిలిచి పాడించుకునేవారు. చెవులు మందగించాక శ్రుతి తప్పుతోందని తనకే అనుమానం వచ్చి, గొంతు బాగాలేదని తప్పుకున్నాడు.

కార్ఖానాలో అతని పక్క మగ్గాలు శివకృష్ణవి. రేగులొడ్డు వేములోళ్ల పిల్లవాడు. ఊరు మునిగేనాటికి బడికి పోయే వయసు. ముప్పై దాటినా ముఖంలో ఇంకా ఆ పిల్లతనం పోలేదు. చాయ్‌కి బయటికి వచ్చినప్పుడల్లా పరమేశ్వర్ ఎదురుగా గొంతుకూర్చుని అడిగేవాడు.

"కాకా, మా ఇంటి తర్వాత ఎవరిల్లుండె? నాకు జామచెట్టొక్కటే యాదికున్నది."

"దూసోళ్లది. జామచెట్టు వాళ్లదే. కొమ్మ మీ దిక్కు వంగి ఉండె."

"అగో, అందుకేనా మా అవ్వ వాళ్లతోని లొల్లి పెట్టుకునేది!"

నవ్వేవాడు. పరమేశ్వర్‌కు ఆ నవ్వు కనిపించేది గానీ వినిపించేది కాదు. ఆ కుర్రాడికి కూడా తన చెవుల సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఎలా ఉండేదో తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. కార్ఖానాలో గాలి తడిగా, బరువుగా ఉంది. మగ్గం కింద మోటారు దగ్గర తెగిన నూలు చుట్టుకుంటే శివకృష్ణ వంగి దాన్ని లాగబోయాడు. మోటారు నుంచి మగ్గానికి తిరిగే పట్టా మీద ఇనుప జాలీ ఉండాలి. రిపేరుకు అడ్డమని మిస్త్రీలు ఎప్పుడో తీసి మూలన పడేశారు. మెడలో ఉన్న తువ్వాలు కొస పట్టాలో పడింది.

పరమేశ్వర్ అప్పుడు అటు వీపు పెట్టి తెగిన పోగు ముడివేస్తున్నాడు. కరెంటు స్విచ్చు అతని చేతికి అందే దూరంలో గోడకు ఉంది. వరుస అవతలి కొసన నేసే ఒరిస్సా కారీగర్ శివకృష్ణ అరుపు విని, పాదరసంలా పరుగెత్తుకొచ్చి, పరమేశ్వర్‌ను తోసుకుంటూ స్విచ్చు కొట్టాడు. భుజానికి ఆ తోపు తగిలాక, కాళ్ల కింద నేల వణకడం ఆగిపోయాక, పరమేశ్వర్ వెనక్కి తిరిగాడు.

శివకృష్ణ మగ్గానికి చెంప ఆనించి పడుకున్నట్టు ఉన్నాడు. తువ్వాలు కోయడానికి కత్తెర తెచ్చారు. అప్పటికే అయిపోయింది.

అందరూ నోళ్లు తెరిచి ఏదో అరుస్తున్నారు. మగ్గాలన్నీ ఆగిన ఆ కార్ఖానాలో వాళ్ల మాటలు ఒకరికొకరికి స్పష్టంగా వినిపిస్తూ ఉండాలి. ఒరిస్సా కారీగర్ పరమేశ్వర్ చొక్కా పట్టుకుని ముఖంలో ముఖం పెట్టి అడుగుతున్నాడు. వినలేదా అన్న ఆ మాట పెదాల మీద అతనికి బాగానే అందింది. "సునా నహీఁ? తుమ్‌నే సునా నహీఁ?"

*

శవాన్ని ఇంటికి తెచ్చిన మర్నాడు మాస్టర్ రఘుపతి డిండోలికి వచ్చాడు. కార్ఖానాలో కారీగర్ల మీద అజమాయిషీ అతనిదే. అతనిదీ కరీంనగర్ దిక్కే. చెప్పులు బయట విడిచి, భాగ్యలక్ష్మి ఇచ్చిన నీళ్లు తాగి, పరమేశ్వర్ ఎదురుగా కూర్చున్నాడు.

"పరమేశం, పోలీసోళ్లు నిన్ను అడుగుతరు. పక్క మగ్గం నీదే గద."

పరమేశ్వర్ తలూపాడు.

"పోరడు తాగొచ్చిండని చెప్పు. పొద్దుగాల మందు వాసనొచ్చింది, నేను వద్దన్న, ఇనలేదు. గంతే. ఇగ వేరే మాటొద్దు."

"శివుడు తాగడు మాస్టర్."

"తాగడని నాకు తెల్వదా? సచ్చినోడు సచ్చిండు. జాలీ లేదని రాస్తే కార్ఖానా బంద్ పెడ్తరు. అందరి బువ్వ పోతది. సేఠ్ శివుని పెండ్లానికి ఏదో ఒకటి చేస్త అంటుండు, చాటుకు."

రఘుపతి ఉన్నట్టుండి గడప వైపు తల తిప్పి ఏదో అన్నాడు. పరమేశ్వర్ ముఖంలో ఏ మార్పూ లేదు. రఘుపతి మళ్లీ ఇటు తిరిగాడు. ఈసారి ఒక్కో మాట విడదీసి పలికాడు.

"నేనేమన్న ఇప్పుడు?"

భాగ్యలక్ష్మి తలుపు పక్కన గోడకు జారగిలబడింది.

"నాకు అనుమానం ఉండె," అన్నాడు రఘుపతి. "నిన్ననే సేఠ్‌కు చెప్పిన. ఇనుకో పరమేశం, తప్పు ఎవని మీదనో ఒకని మీద పడాలె. తాగినోని మీద పడ్తదా, చెవిటోని మీద పడ్తదా, నువ్వే చెప్పు. పక్కనున్నోనికి చెవులు లేక మనిషి పోయిండని సేఠ్ రాయిస్తే నువ్వేమంటవు?"

అతను వెళ్లాక భాగ్యలక్ష్మి బియ్యం చెరగడానికి కూర్చుంది. చేట అలాగే ఒళ్లో పెట్టుకుని, చివరకు మొగుడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఆయన చెప్పినట్లే చెప్పు. మనకు ఇంకెవలున్నరు? ముసలితనం ఎట్ల ఎల్లాలె?"

"ఆ పిల్ల మొఖం ఎట్ల చూస్తనే?"

"చూడకు. నేను చూస్త."

సాయంత్రం వాళ్లిద్దరూ శివకృష్ణ ఇంటికి పోయారు. రెండు గల్లీల అవతలే. భార్య నవత గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి ఊర్మిళ పక్కన నేల మీద ముడుచుకుని పడుకుంది. పరమేశ్వర్ తల దించుకుని కూర్చున్నాడు. నవత ఏదో అడిగింది. అతను తల ఎత్తలేదు కాబట్టి ఆ మాట అతనికి అందలేదు. భాగ్యలక్ష్మి గబగబా అందుకుంది.

"లేదు బిడ్డా, ఏమనలేదట. ఒక్కపాలిగనే పోయిండట."

బయటికి వచ్చాక పరమేశ్వర్ అడిగాడు, ఆమె ఏమందని.

"ఆఖరుకు ఏమన్న అన్నడా కాకా, అని అడిగింది."

పరమేశ్వర్ గల్లీ మధ్యలో ఆగిపోయాడు. వెనక నుంచి ఒక స్కూటర్‌వాడు హారన్ కొడుతూ పక్కకు తప్పుకుని, తిట్టుకుంటూ పోయాడు. భాగ్యలక్ష్మి అతని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

ఊర్మిళ అడిగింది మాత్రం వేరే. మూడో నాడు ముసలామె కర్ర పట్టుకుని తానే నడిచి వచ్చి, వాకిట్లో నిలబడి, అతనికి కనిపించేలా చెయ్యి ఊపి మరీ చెప్పింది.

"పరమేశా, పెద్దకర్మ నాడు కథ చెప్పాలె. మీ తాత నా మామకు చెప్పిండు, మీ నాయిన నా మొగనికి చెప్పిండు. నా కొడుకుకు నువ్వే చెప్పాలె. గొంతు బాగలేదని అనకు నాతోని."

అనలేకపోయాడు.

*

గల్లీకి అడ్డంగా టార్పాలిన్ కట్టారు. రేగులొడ్డు వాళ్లు బమ్రోలి నుంచి, లింబాయత్ నుంచి ఆటోల్లో వచ్చారు. పటం లేదు. హార్మోనియం తెలిసినవాళ్లూ లేరు. భాగ్యలక్ష్మి తాళాలు పట్టుకుని మొగుడికి ఎదురుగా, అతనికి తన చేతులు కనిపించేలా కూర్చుంది. వెనక వరసలో రఘుపతి, కార్ఖానా నుంచి మరికొందరు ఉన్నారు.

పరమేశ్వర్ మొదలుపెట్టాడు. చాలా ఏళ్లకు నోట్లోంచి ఆ పాట బయటికి వస్తోంది, తనకు మాత్రం చేరడం లేదు. గొంతు నరాలు బిగుస్తున్నట్టు తెలుస్తోంది, ఛాతీలో అదురు తెలుస్తోంది. అంతకు మించి ఏమీ తెలియదు. ఎదుట ఉన్న యువకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వు ఆపుకోలేక తల మోకాళ్లలో దాచుకున్నాడు. ఇంకొకడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. శ్రుతి ఎంత ఘోరంగా పోయిందో ఆ ముఖాల్లో అతను చదువుకున్నాడు. భాగ్యలక్ష్మి అరచేతిని కిందికి దించి చూపించింది, తగ్గించమని. తగ్గించాడు. ఎక్కడికి తగ్గిందో తెలియలేదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

మూలకథ ఎలాగో ముగించి, కాసిని నీళ్లు తాగి, ఊరి వరస ఎత్తుకున్నాడు.

ఏరు పడమట నుంచి వచ్చి ఊరికి వంగి దండం పెట్టినట్టు మలుపు తిరుగుతుంది. మలుపులో పెద్దరేవు. పెద్దరేవులో పొద్దున ఆడెపోళ్ల నూలు, మాపున బూరోళ్ల నూలు. రేవు దాటితే పుచ్చతీగల ఇసుకమేట. మేట ఎక్కితే తూరుపు వాడ. వాడ మొదట్లో కుండలో గంజి కాచే వాసన.

ముసలివాళ్లు ఒక్కొక్కరే ముందుకు జరిగారు. బూరోళ్ల ఇల్లు చెప్పగానే ఒక ముసలాయన చెయ్యెత్తి కళ్లు తుడుచుకున్నాడు. పిండి గిర్నీ పెట్టి దివాళా తీసిన ఇల్లు, కవల పిల్లలు ఏట్లో పోయిన ఇల్లు, పడుగు పరుస్తూ ఎండదెబ్బకు పడిపోయిన ఆడమనిషి ఇల్లు. ఇప్పుడు ఏ పడవవాడికీ తెలియని ఆ నీళ్లడుగు ఊరు, డిండోలి గల్లీలో, తడిసిన టార్పాలిన్ కింద, గడప గడపగా లేచింది. పాట బాగున్నందుకు కాదు. అది వంకరగానే ఉంది. వాళ్లకు కావలసింది గడపలు.

దూసోళ్ల జామచెట్టుకు ముందు వేములోళ్ల ఇల్లు వచ్చింది. ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు పడ్డాయి. ఎవరు ఎట్లా పోయారో పడింది. తర్వాత కొత్త మాట చేర్చాలి.

పరమేశ్వర్ ఆగాడు. భాగ్యలక్ష్మి తాళాలు ఆపలేదు. కళ్లతో బతిమాలుతోంది. ఏదో ఒకటి అని దాటెయ్, దేవుడు పిలిచాడని అను. అలా అంటే ఎవరూ తప్పుపట్టరు.

అతను ఆమె చేతుల మీద నుంచి చూపు తీసేసి ఊర్మిళను చూశాడు. పాటలో కాదు, మామూలు మాటలోనే చెప్పాడు. మామూలు మాట అనుకున్నాడు గానీ గొంతు పెద్దదై గల్లీ చివరిదాకా వినిపించిందట.

"వేములోళ్ల శివకృష్ణ. సూరత్‌ల మగ్గం కాడ పోయిండు. తాగి పోలేదు. పట్టా మీద జాలీ లేకుండె, తువ్వాలు పట్టుకున్నది. మొత్తుకున్నడు. గా కొసకున్న పరాయి రాష్ట్రపోనికి ఇనవడ్డది. పక్కనున్న నాకు ఇనవడలే. నాకు చెవులు లేవు. ఏండ్లాయె. ఎవ్వలకు చెప్పలే. స్విచ్చు నా చేతికాడనే ఉండె."

తాళాలు ఎప్పుడు ఆగాయో అతనికి తెలియదు. భాగ్యలక్ష్మి చేతులు ఒళ్లో పడి ఉన్నాయి.

ముఖాలన్నీ అతని వైపే ఉన్నాయి. కొన్ని నోళ్లు కదులుతున్నాయి, అన్నీ ఒకేసారి. ఒక్కటీ అందుకోలేకపోయాడు. రఘుపతి లేచి, కుర్చీ మడిచి గోడకు పెట్టి వెళ్లిపోవడం కనిపించింది. ఊర్మిళ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. నవత లేచి నిలబడింది. దగ్గరికి వచ్చి కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టినా బాగుండేది. ఆమె అతన్ని దాటుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

వరసలో ఇంకా సగం ఊరు మిగిలి ఉంది. ఆపకూడదు. దూసోళ్ల ఇంటి నుంచి చివరి గడప దాకా చెప్పాడు. అప్పటికి టార్పాలిన్ కింద ముసలివాళ్లు కొందరే మిగిలారు.

*

పోలీసులకూ అదే చెప్పాడు. ఆ మాపటికే పనిలోంచి తీసేశారు. ఇంకే కార్ఖానావాడూ రానివ్వలేదు. చెవుల వల్ల కొందరు, నోటి వల్ల కొందరు. కొన్నాళ్లు అన్ని మగ్గాలకూ కొత్త జాలీలు వచ్చాయని, తర్వాత మళ్లీ ఒక్కొక్కటే మూలకు చేరాయని ఒరిస్సా కారీగర్ బజార్లో కలిసినప్పుడు చేతులతో చెప్పాడు. గల్లీలో కొందరు పరమేశ్వర్‌ను చూసి పక్కకు తిరిగిపోయేవారు. సేఠ్ చాటుకు ఇస్తానన్న పైసలు కూడా వీడి వల్లే ఆ పిల్లకు రాకుండా పోయిందని అనేవారు. అందులో అబద్ధం లేదు. భాగ్యలక్ష్మి ఇంటికి తెచ్చుకునే చీరలకు రాళ్లు అంటించే పనిలో అతనూ కూర్చోవడం మొదలుపెట్టాడు. జిగురు వాసనకు ఇద్దరికీ తలనొప్పి. ఆమె అతనితో పోట్లాడలేదు. మాట్లాడటం మాత్రం బాగా తగ్గించింది. మాట్లాడకపోతే అతనికి ఇంట్లో ఏమీ తెలియదని ఆమెకు తెలుసు.

నవత ఒక మిల్లులో చీరలు మడతపెట్టే పనికి కుదిరింది. దారిలో ఎదురైతే చూపు కలిపేది కాదు. మొగుడి చావుకు పరిహారం కోసం వేసిన కేసు మాత్రం వదల్లేదు.

చలి మొదలయ్యే రోజుల్లో లేబర్ ఆఫీసు నుంచి పరమేశ్వర్‌కు సాక్షిగా పిలుపు వచ్చింది. వరండాలో నవత ఒక బెంచీ మీద, పరమేశ్వర్ ఇంకో బెంచీ మీద కూర్చున్నారు. సేఠ్ తరఫు వకీలు ఫోన్‌లో మాట్లాడుతూ పచార్లు చేస్తున్నాడు. లోపలికి పిలిచాక ఆఫీసరు కంప్యూటర్ వైపు తిరిగి, టైపు చేస్తూనే గుజరాతీలో ఏదో అడిగాడు. పరమేశ్వర్‌కు అతని చెంప మాత్రమే కనిపించింది.

"జీ?" అన్నాడు.

ఆఫీసరు మళ్లీ అటే తిరిగి అడిగాడు. వకీలు నవ్వాడు. చూశారా సార్, ఇలాంటివాడి సాక్ష్యం అన్నట్టు చెయ్యి తిప్పాడు.

నవత తన కుర్చీని కిర్రుమని లాగి పరమేశ్వర్‌కు ఎదురుగా తెచ్చుకుంది. ఆ శబ్దానికి ఆఫీసరు కూడా తల తిప్పాడు. శివకృష్ణ పోయాక ఆమె అతని ముఖంలోకి చూడటం అదే మొదటిసారి. పెదాలు విప్పి, పిల్లవాడికి పలుకు నేర్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"జాలీ ఎన్ని దినాల సంది లేకుండె, అని అడుగుతున్నడు."

"రెండు వానాకాలాల సంది," అన్నాడు పరమేశ్వర్.

ఆమె ఆఫీసరుకు గుజరాతీలో చెప్పింది. ఆ తర్వాత ప్రతి ప్రశ్నా ఆమె నోటి మీద నుంచే అతనికి వచ్చింది. మొత్తుకున్నాడా. ఎంతసేపు. స్విచ్చు ఎక్కడుంది. నువ్వు ఏ దిక్కు తిరిగి ఉన్నావు. తన మొగుడి చావును ఆమె ఒక్కో ముక్కగా పలికి అతనికి అందించింది, అతను జవాబు చెబితే దాన్ని మళ్లీ ఇంకో భాషలో పలికింది. ఎక్కడా గొంతు ఆగినట్టు లేదు. ఆగి ఉంటే పెదాలు తెలిపేవి.

వాయిదా వేశారు. బయట మెట్ల మీద పరమేశ్వర్ నిలబడి, "బిడ్డా," అన్నాడు.

నవత ఆగింది గానీ తిరగలేదు. మళ్లీ దిగి, డిండోలి బస్సు కోసం రోడ్డు దాటింది. అతను ఆ బస్సు వెళ్లిపోయేదాకా ఇవతలే నిలబడి, తర్వాతి దానికి ఎక్కాడు.